ఇరవై రెండో నిమిషం

శేషారత్నం చేతికి పని తగ్గిపోయిన రోజున ఆస్పత్రిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ కూడా కొట్టింది.

ఆవిడ పనేమిటో ముందు చెప్పాలి. గుంటూరు కొత్తపేటలో ఏ సందు తిరిగినా ఒక ఆస్పత్రి తగులుతుంది. అలాంటి ఒక ఆస్పత్రి రెండో అంతస్తులో, ఆపరేషన్ థియేటర్లో, పంతొమ్మిదేళ్ళుగా రత్నం కెమెరా పడుతోంది. పెళ్ళిళ్ళలో పట్టే కెమెరా కాదు. బొడ్డు పక్కన చిన్న గాటు పెట్టి, సన్నటి గొట్టం పొట్టలోకి దించుతారు. గొట్టం కొసన అద్దం ఉంటుంది. లోపలున్నదంతా ఎదురుగా టీవీలో కనిపిస్తుంది. డాక్టర్ పురుషోత్తం గారు ఆ టీవీని చూస్తూ, పొడుగాటి పనిముట్లతో లోపల కొయ్యాల్సింది కోసి, ముయ్యాల్సింది మూస్తారు. ఆ గొట్టాన్ని కదలకుండా పట్టుకుని, ఆయనకి కావలసిన చోటు చూపించడం రత్నం పని. చేతులు నావి, కళ్ళు రత్నానివి అని ఆయనే పదిమందిలో అంటారు. ఆస్పత్రి బోర్డు మీద మాత్రం ఆయన పేరొక్కటే ఉంటుంది, అది వేరే సంగతి.

పొట్ట లోపల వెచ్చగా, తడిగా ఉంటుంది. కొవ్వు మాడిన పొగ లేస్తుంది, నెత్తురు తుంపర చిమ్ముతుంది. పది నిమిషాలు గడిచేసరికి అద్దం మసకేస్తుంది. "రత్నం, తుడువు" అంటారు డాక్టరుగారు. ఆయన అనేలోపే ఆవిడ గొట్టం బయటికి లాగేసి ఉంటుంది. పక్కనే స్టీలు ఫ్లాస్కులో వేడి సెలైన్. అందులో ఒక్క ముంచు, మెత్తటి గుడ్డతో ఒక్క తుడుపు, మళ్ళీ లోపలికి. అంతా కలిపి అర నిమిషం. ఆ అర నిమిషంలో డాక్టరుగారు మెడ విరుచుకునేవారు. మత్తు డాక్టరుని "బీపీ ఎంతుంది?" అని అడిగేవారు. ఎక్కడైనా నెత్తురు కారుతుంటే, ముందే గాజ్ గుడ్డ పెట్టించుకుని, టీవీలో బొమ్మ లేకపోయినా చేతి అంచనాతో నొక్కి పట్టుకునేవారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోని పద్ధతి అది. పంతొమ్మిదేళ్ళలో అలవాటైపోయింది.

ఆ అర నిమిషాన్ని తీసేసింది ఎవరో కాదు, ఆవిడ కన్నకూతురే.

హిమజ అదే ఆస్పత్రి నాలుగో అంతస్తులో, ఇంకో ఇద్దరు ఇంజనీర్లతో కలిసి మూడేళ్ళు కష్టపడి ఒక కొత్త కెమెరా తయారు చేసింది. దానికి 'నిర్మల' అని పేరు పెట్టారు. ఇప్పుడున్న హెచ్‌డీ కెమెరాల కంటే పదింతలు నిశితమైన కన్ను దానిది. కానీ గొప్ప అందులో లేదు. పొగ వచ్చినా, ఆవిరి పట్టినా, నెత్తురు చుక్క అద్దం మీద పడినా, నిర్మల ఆ అడ్డాన్ని గుర్తుపట్టి తీసేస్తుంది. దాని వెనక ఏముందో అంతకు ముందు చూసిన దాన్ని బట్టి గీసి, ఏ మచ్చా లేని బొమ్మ చూపిస్తుంది. సెకండుకి అరవైసార్లు.

మొదటిసారి వాడిన రోజు హిమజ థియేటర్లోనే నిలబడింది. డాక్టరుగారు లోపల కొవ్వు కాల్చారు. తెల్లగా పొగ లేచింది. రత్నం చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళబోయింది. అంతలో టీవీలో పొగ మాయమైపోయింది. కాలేయం, దాని కింద ఆకుపచ్చటి సంచీ, దాని మీది సన్నటి నరం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. డాక్టరుగారు "అబ్బా!" అన్నారు. నలభై నిమిషాల్లో ఒక్కసారి కూడా గొట్టం బయటికి తియ్యలేదు. అప్పుడే ఆ చప్పట్లు.

"ఇదంతా నీ చలవేనమ్మా," అంది హిమజ ఆ సాయంత్రం ఇంటికొచ్చి, తల్లి మెడ చుట్టూ చేతులేసి. "పంతొమ్మిదేళ్ళ ఆపరేషన్ వీడియోలు రికార్డు రూములో పడున్నాయిగా, వాటితోనే దానికి చదువు చెప్పా. నువ్వు తుడవబోయే ముందు బొమ్మ, తుడిచాక బొమ్మ. ముందుది మురికి, తర్వాతది శుభ్రం. అలాంటి జతలు నలభై వేలు చూపించా. ఏది మురికో నిన్ను చూసే నేర్చుకుంది."

రత్నానికి గర్వంతో కళ్ళు చెమర్చాయి. భర్త పోయాక, ఈ పిల్ల ఒక్కత్తే లోకంగా బతికిన మనిషి. పదేళ్ళ వయసులో "అమ్మా, అస్తమానం తుడుస్తా ఉంటే నీకు విసుగెయ్యదా?" అని అడిగిన పిల్ల, ఇదిగో, ఆ విసుగు తల్లికి లేకుండా చేసింది. ఏ తల్లికి దక్కుతుంది?

అయితే ఆ రోజు నుంచి ఆవిడ చేతులు ఒక చోట నిలవడం మానేశాయి. ఇంట్లో టీవీ తుడిచింది. తుడిచిన టీవీనే మళ్ళీ తుడిచింది. కూతురి కళ్ళజోడు ముఖం మీద ఉండగానే లాక్కుని కొంగుతో తుడిచి పెట్టింది. "నీకు చాదస్తం ముదురుతోందమ్మా," అని హిమజ నవ్వింది. రత్నమూ నవ్వింది గానీ, లోపల ఏదో కుదురు తప్పింది. అదేమిటో ఆవిడకే తెలియలేదు.

నిర్మల పేరు ఊరూవాడా పాకింది. ఆస్పత్రి గోడ నిండా బ్యానరు కట్టారు. ఫోన్ ఎత్తితే చాలు, "మీ కాడ ఆ కొత్త కెమెరా ఉందంట గదా?" అనే ప్రశ్న. రోగం ఏమిటో చెప్పకముందే కెమెరా సంగతి అడిగేవాళ్ళు. మోకాలి నొప్పికి వచ్చిన పెద్దాయన కూడా "నాకు నిర్మలతోనే చెయ్యండి" అని కూర్చున్నాడు. ఆయనకి ఆపరేషనే అక్కర్లేదని నచ్చజెప్పడానికి అరగంట పట్టింది. ఇదివరకు ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు బయటికొచ్చి, తీసిన రాళ్ళు సీసాలో వేసి బంధువులకి చూపించేవారు. ఇప్పుడు సీసాతో పాటు ఆపరేషన్ వీడియో ఉన్న పెన్‌డ్రైవు కూడా ఇస్తున్నారు. జనం దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, చుట్టుపక్కల వాళ్ళని పిలిచి మరీ చూపించుకుంటున్నారు. విజయవాడ, ఒంగోలు, నెల్లూరు నుంచి డాక్టర్లు వచ్చి, మాకెప్పుడిస్తారని పురుషోత్తం గారి గది ముందు కుర్చీలేసుకుని కూర్చుంటున్నారు.

ఆ హడావుడి మధ్యలోనే తిరుపతమ్మ చనిపోయింది.

ముప్ఫయ్యారేళ్ళ మనిషి. పిత్తాశయంలో రాళ్ళు. పొద్దున ఆపరేషన్ అయింది, మధ్యాహ్నం లేచి కూర్చుని భర్తతో మాట్లాడింది. సాయంత్రానికి ముఖం పాలిపోయి, నాడి పరుగెత్తడం మొదలుపెట్టింది. మళ్ళీ థియేటర్‌కి తెచ్చి పొట్ట తెరిచేసరికి లోపలంతా నెత్తురు. ప్రాణం నిలబడలేదు. రక్తనాళానికి వేసిన క్లిప్పు తర్వాత జారి ఉంటుందని కాగితంలో రాశారు. అలా జరగడం ఉన్నదే. వెయ్యిలో ఒకటి అన్నారు డాక్టరుగారు, ఆయన కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

రెండు నెలలు దాటాక ఒక మధ్యాహ్నం, రత్నం ఆస్పత్రి వరండాలో సింకు దగ్గర టిఫిను గిన్నె కడుక్కుంటూ ఉండగా, ఒకాయన వచ్చి నిలబడ్డాడు. చొక్కా నిండా మిరపకాయల ఘాటు. మిర్చి యార్డులో కాటా మనిషి అంకబాబు, తిరుపతమ్మ భర్త.

"కెమెరా పట్టేది నువ్వేనంట గదా అక్కా," అన్నాడు. గొడవకి వచ్చిన మనిషిలా లేడు. జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు. "దీంట్లో మా తిరుపతమ్మ ఆపరేషను ఉంది. నూరు సార్లు చూసుంటా. ఒక్క చుక్క నెత్తురు లేదు. కాయితంలో రెండు లీటర్లు పోయిందని రాశారు. రెండు లీటర్లంటే నాకు తెలుసు, రోజూ తూకం ఏసేవోణ్ణి. అంత నెత్తురు యాడికి పోయింది?"

"అది తర్వాత జరిగిందయ్యా. ఆపరేషన్ అయ్యాక క్లిప్పు జారింది," అంది రత్నం. డాక్టరుగారు చెప్పిన మాటే.

"అట్నే చెప్పారు నాకూ." ఆయన పెన్‌డ్రైవుని వేళ్ళ మధ్య తిప్పాడు. "సరే, ఇంకోటి అడుగుతా. ఇరవై రెండో నిమిషంలో బొమ్మ కొంచెం ఎనక్కి పోయిద్ది. అయిదారు అంగుళాలు ఎనక్కి పోయి, ఆగి, మళ్ళా ముందుకొచ్చిద్ది. అదెందుకు?"

రత్నం కడిగిన గిన్నెనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

"చెయ్యి... చెయ్యి నొప్పి పుట్టుంటుందయ్యా," అంది.

అంకబాబు తలూపి, పెన్‌డ్రైవు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన నమ్మాడో లేదో గానీ, చెప్పిన మనిషే ఆ మాట నమ్మలేదు.

ఆ తర్వాత రత్నానికి కాలు ఒక చోట నిలవలేదు. బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయింది. థియేటర్లో టీవీ వంక చూస్తూ, ఇది నిజమేనా, నిజమేనా అని లోపల్లోపల అడుగుతూ ఉండేది. బొమ్మ అద్దంలా మెరుస్తూ ఉండేది. ఏం అడుగుతాం దాన్ని?

చివరికి ఒక ఆదివారం పొద్దున కూతురి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఏమే, ఆ జతలని చెప్పావే, ముందు బొమ్మ, తర్వాత బొమ్మ. అవి నాకొకసారి చూపించు."

"ఇప్పుడా? బుధవారం పెద్ద సదస్సుందమ్మా. రెండొందల మంది డాక్టర్లు కింద హాల్లో కూర్చుంటారు, పైన సార్ ఆపరేషన్ చేస్తుంటే పెద్ద తెర మీద చూస్తారు. నాకు ఊపిరి సలపట్లేదు."

"పది నిమిషాలు."

హిమజ విసుక్కుంటూనే ల్యాప్‌టాప్ తెరిచింది. ఎడమ పక్క మసక బొమ్మ, కుడి పక్క శుభ్రమైన బొమ్మ. ఆవిరి పట్టింది, పోయింది. పొగ కమ్మింది, పోయింది. రత్నం వేలితో నొక్కుకుంటూ పోయింది. అరవయ్యో డెబ్భయ్యో దాటాక ఆవిడ వేలు ఆగిపోయింది.

"ఇది మసక కాదే."

"ఎడమ పక్కంతా ఎర్రగా ఉంది కదమ్మా. నువ్వు తుడిచావు, పోయింది. కుడి పక్క చూడు, ఎంత శుభ్రంగా ఉందో."

"నేను తుడిస్తే పోలేదే పిచ్చిదానా. ఇది అద్దం మీది నెత్తురు కాదు. ఇదిగో, ఈ నాళం కారుతోంది. కారేచోటు సరిగ్గా కనపడాలని నేను అద్దం తుడవడానికి బయటికి తీశా. నేను బయట తుడుస్తున్నంత సేపూ సార్ లోపల గుడ్డ పెట్టి నొక్కి పట్టారు. నేను మళ్ళీ దించేసరికి ఆగిపోయింది. ఆగింది నా తుడుపుకి కాదు, ఆయన నొక్కుడికి."

హిమజ ఆ రెండు బొమ్మల్నీ దగ్గరికి వంగి మళ్ళీ చూసింది. కెమెరా బయట ఉన్నప్పుడు లోపల ఏం జరిగిందో ఏ వీడియోలోనూ ఉండదు. ఆ అర నిమిషం సంగతి తెలిసినవాళ్ళు లోకంలో ఆ థియేటర్ వాళ్ళే. నలభై వేల జతలు పేర్చిన పిల్ల, పక్క గదిలో పడుకునే తల్లిని ఒక్క ముక్క అడగలేదు. అడగాలని తోచలేదు.

"అంటే..." అంది హిమజ. "అంటే కారే నెత్తుర్ని కూడా అది మురికే అనుకుంటోంది. ఎక్కువగా చిమ్మితే చూపిస్తుందమ్మా, దానికో హద్దు పెట్టాను. కానీ సన్నగా, ఊటలాగా వస్తే..." ఆగింది. "ప్రతిసారీ తుడిచేస్తూ పోతుంది."

"ఆ తిరుపతమ్మకి..."

"తెలీదమ్మా! తెలియకుండా అనకు." హిమజ ల్యాప్‌టాప్ ఠక్కున మూసింది. "ఇలాంటి జతలు ఎన్నున్నాయో ఏరాలి. వారం పడుతుంది. నేను సార్‌తో మాట్లాడతా."

మాట్లాడింది కూడా. పురుషోత్తం గారు సాంతం విన్నారు. మూడొందల ఆపరేషన్లలో ఒక్కటి పోయింది, అది క్లిప్పు వల్ల పోయింది, సదస్సు అయ్యాక నువ్వు చెప్పినవన్నీ సరిచేద్దాం అన్నారు. ఆయన అబద్ధం ఆడలేదు, నిజంగానే అలా నమ్మారు. హిమజకీ అలా నమ్మాలనే ఉంది. మూడేళ్ళ చాకిరీ. రత్నం మాత్రం, పని లేక ఇంటికి తెచ్చేసుకున్న తన పాత స్టీలు ఫ్లాస్కుని అటక మీంచి దించి, వేడినీళ్ళు పోసి కడిగి పెట్టుకుంది.

బుధవారం ఆపరేషన్ బల్ల మీద పడుకోబోయేది సామ్రాజ్యం. ఆ ఆస్పత్రిలోనే ఇరవయ్యేళ్ళుగా ఆయాగా చేస్తున్న మనిషి. రాళ్ళున్నాయి, ఎటూ తీయించుకోవాలి, పెద్దసార్ చేతుల మీదుగా అయిపోతే మంచిదేగా అని తనే ఒప్పుకుంది. పైగా పొద్దున్నుంచీ కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంటోంది.

"నా పొట్ట సినిమా హాల్లో లాగా పెద్ద తెర మీద ఏస్తారంట రత్నమ్మా! రెండొందల మంది డాక్టర్లు చూస్తారంట. మా ఆయన బతికున్నన్నాళ్ళూ నా మొహం కూడా సరిగ్గా చూళ్ళేదు."

స్ట్రెచర్ పక్కనున్న నర్సులు పకపకా నవ్వారు. రత్నం సామ్రాజ్యం చేతిని పట్టుకుంది గానీ, నవ్వు రాలేదు.

"అదేంది, చెయ్యి ఇంత చల్లగా ఉంది? ఆపరేషన్ నాకా నీకా?" అంది సామ్రాజ్యం.

థియేటర్లో ఫ్లాస్కుని చూసి నర్సు కళ్ళు పెద్దవి చేసింది. "ఇప్పుడిదెందుకు రత్నమ్మగారూ?" రత్నం మూలకి తోసేసిన పాత కెమెరాని బల్ల పక్కకి లాగించింది. శుద్ధి చేసి, అదే టీవీకి తగిలించి సిద్ధంగా ఉంచమంది. అడ్డం వస్తే తీసేద్దాంలే అని నర్సు కూడా సరేనంది.

కింద హాల్లో హిమజ మైకు పట్టుకుని నిలబడి ఉంది. పైన డాక్టరుగారి చెవి దగ్గర ఇంకో మైకు. ఆయన మాట్లాడుతూ, నవ్విస్తూ, చకచకా పని చేసుకుపోతున్నారు. పొగ లేచింది, మాయమైంది. కింద హాల్లో జనం 'ఆహా' అనడం స్పీకర్లో వినిపించింది. పదిహేను నిమిషాలు, పద్దెనిమిది నిమిషాలు. టీవీలో కాలేయం కడిగిన పండులా నిగనిగలాడుతోంది. థియేటర్లో ఎనిమిది మంది ఉన్నారు. ఎనిమిది మందీ టీవీనే చూస్తున్నారు. ఆ గదిలో పని అంటే అదే మరి. చేతుల్ని ఎవరూ చూడరు, పొట్టని ఎవరూ చూడరు.

రత్నం తల తిప్పింది.

డాక్టరుగారు అప్పుడే లోపల అద్దిన గాజ్ గుడ్డని బయటికి లాగి ట్రేలో పడేశారు. ఒక్క క్షణం ముందు టీవీలో ఆ గుడ్డ తెల్లగా ఉంది. మల్లెపువ్వంత తెల్లగా. ట్రేలో పడినదాన్ని పిండితే కారేంత నెత్తురుంది.

ఆవిడ చెయ్యి దానంతటదే వెనక్కి కదిలింది.

"సార్, తీస్తున్నా," అంది.

"అవసరం లేదు రత్నం, క్లియర్‌గానే ఉంది కదా," అన్నారు డాక్టరుగారు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, నవ్వు గొంతుతోనే.

అచ్చం ఈ మాటే, ఇదే గొంతుతో, ఆవిడ ఇంతకు ముందొకసారి విన్నది.

"లేదు సార్. తీస్తున్నా!"

గొట్టం బయటికొచ్చేసింది. కింద హాల్లో రెండొందల మందికి పెద్ద తెర మీద థియేటర్ పైకప్పు దీపాలు, ఆ తర్వాత మాస్కు కట్టుకున్న ఒక నడివయసు ఆడమనిషి కళ్ళు కనిపించాయి. స్పీకర్లో డాక్టరుగారి అరుపు. "ఏం చేస్తున్నావ్ నువ్వు? మతి పోయిందా?" రత్నం నిర్మలని పక్కన పెట్టి, పాత కెమెరా అందుకుంది. ఫ్లాస్కులో ఒక్క ముంచు, గుడ్డతో ఒక్క తుడుపు. ఎన్నో రోజుల తర్వాత ఆ చేతులకి తమ పని దొరికింది.

లోపలికి దించింది.

తెర నిండా ఎరుపు. కాలేయం కింద ఎర్రటి మడుగు, అందులోకి సన్నగా, తొందరేమీ లేనట్టు, ఒక ధార కారుతోంది.

ముందు తేరుకున్నది పురుషోత్తం గారే. చెవి దగ్గర మైకు పీకి అవతల పారేశారు. "సక్షన్ ఇవ్వండి, నెత్తురు లాగెయ్యాలి. రత్నం, ఎడమకి. ఇంకొంచెం. ఆ... అక్కడే పట్టు." గుడ్డ పెట్టి నొక్కారు. చెప్పకుండానే ఆవిడ గొట్టం లాగింది, తుడిచింది, దించింది. ధార ఆగింది. క్లిప్పు పడింది. మళ్ళీ పది నిమిషాలు ఇద్దరూ కదలకుండా ఆ చోటునే చూస్తూ ఉండిపోయారు. ఇంకేమీ కారలేదు.

కింద హాల్లో హిమజ మైకు బల్ల మీద పెట్టేసి కూర్చుంది. ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సిందంతా తెర మీదే ఉంది.

సామ్రాజ్యం సాయంత్రం కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "అందరూ చూశారా?" అని. "చూశారు," అంది రత్నం, ఆవిడ నుదురు తుడుస్తూ.

నిర్మలలో ఇంకో సంగతుంది. అది తుడిచేసినదాన్ని పారేయదు. మరింత నేర్చుకోవడానికి పనికొస్తుందని ఒక పక్కన దాచుకుంటుంది. తొంభై రోజులు దాటాక దానంతటదే చెరిపేసుకుంటుంది. ఆ ఏర్పాటు చేసింది హిమజే. తిరుపతమ్మ ఆపరేషన్ జరిగి ఆ బుధవారానికి ఎనభై ఏడో రోజు.

"మూడు రోజులు ఊరుకుంటే పోతుందమ్మా," అంది హిమజ మర్నాడు పొద్దున. కళ్ళు వాచి ఉన్నాయి. "ఎవరికీ ఏమీ తెలియదు. నేను చెరిపానని కూడా అనరు."

రత్నం కూతురి వైపే చూస్తూ కూర్చుంది. ఊరుకో అని చెప్పడానికి నోరు రాలేదు, తెరువు అని చెప్పడానికీ రాలేదు. కన్నతల్లి మరి. హిమజే లేచి చెప్పులేసుకుంది. సరాసరి పురుషోత్తం గారి గదికి వెళ్ళి, నిర్మల తుడిచేసినదంతా ఇంకా దాని దగ్గరే ఉందని చెప్పింది. ఆయన కిటికీలోంచి బ్యానరు వెనక వైపు చూస్తూ, "తీసుకెళ్ళి చూపించండి. ఆపే మొహం నాకు లేదు. మీరు వెళ్ళొచ్చాక నేనూ వెళతాను," అన్నారు.

అంకబాబు ఇల్లు మిర్చి యార్డు వెనక సందులో. ఎండ మండిపోతోంది, గాలి నిండా ఘాటు. తల్లీకూతుళ్ళిద్దరూ దగ్గుతూ గుమ్మంలో నిలబడితే, ఆయన కుర్చీలు తుడిచి వేసి, మంచినీళ్ళిచ్చాడు. గోడ మీద తిరుపతమ్మ ఫొటో, దాని కిందే టీవీ.

"ఆ రోజు మీకిచ్చిన వీడియోలో లేనిది ఇందులో ఉంది బాబాయ్," అంది హిమజ. "కెమెరా నేనే చేశాను. అది నెత్తుర్ని మురికనుకుని తుడిచేసింది. తప్పు నాది." తను తెచ్చిన పెన్‌డ్రైవుని టీవీకి తగిలించింది.

టీవీలో బొమ్మ వచ్చింది. మొదట్లో అంతా పొగ, మసక. పంతొమ్మిదో నిమిషంలో కాలేయం కింద ఎర్రటి చార మొదలైంది. ఇరవయ్యో నిమిషంలో చార కాస్తా వెడల్పయింది. అంకబాబు టీవీకి దగ్గరగా జరిగాడు.

"ఇదిగో," అన్నాడు మెల్లగా. "ఇప్పుడు కనపడతంది."

ఇరవై రెండో నిమిషం. బొమ్మ వెనక్కి వెళ్ళింది. అయిదారు అంగుళాలు. ఆగింది. మళ్ళీ ముందుకొచ్చింది.

"ఆపమ్మా," అన్నాడు అంకబాబు. హిమజ ఆపింది. ఆయన రత్నం వైపు తిరిగాడు. "చెయ్యి నొప్పి పుట్టిందన్నావు."

రత్నం చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అవి ఆ పూట కదలకుండా పడి ఉన్నాయి.

"కాదయ్యా. తుడుద్దామని వెనక్కి తీశా. పది నిమిషాలైతే తుడవాలి, అది నా అలవాటు. పైగా ఎందుకో మనసు పీకింది. సార్ అవసరం లేదన్నారు. బొమ్మ చూస్తే శుభ్రంగానే ఉంది. మళ్ళీ లోపలికి పెట్టా."

ఆయన టీవీలో ఆగిపోయిన ఎరుపు మీద వేలు పెట్టాడు. ఆ తర్వాత అడిగిన మాటలో కోపం లేదు. కోపమే ఉంటే రత్నం తట్టుకునేది.

"నీ చేతికి తెలిసింది గదక్కా. మరి నోరేమైంది?"

పక్కనే కూతురుంది. రత్నం ఆ పిల్ల వైపు చూడలేదు.

"అది నా కూతురు చేసిన కెమెరా అయ్యా," అంది. "అది తప్పు చూపిస్తుందని అనుకోలేకపోయా."

హిమజ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వీధిలో బస్తాల లారీ ఒకటి వెనక్కి వస్తూ ఉంటే ఎవరో 'రానీ, రానీ' అని కేకలేస్తున్నారు. అంకబాబు లేచి కిటికీ తలుపు మూసి, తిరిగొచ్చి, టీవీ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"మొదట్నించీ ఎయ్యమ్మా," అన్నాడు. "ఈసారి మీరిద్దరూ కూడా చూడండి."

హిమజ మొదటినుంచీ వేసింది. రత్నం కుర్చీలోంచి దిగి ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. ఇరవై రెండో నిమిషం వచ్చేవరకూ ముగ్గురిలో ఎవరూ కళ్ళు తిప్పలేదు.